దాచిన ఇంటిపేరు, అచ్చయిన ఇంటిపేరు

1997 ఆగస్టు 31వ తేదీ తెల్లవారుజామున పారిస్ నగరంలో ఒక సొరంగమార్గంలో జరిగిన కారు ప్రమాదంలో బ్రిటన్ యువరాణి డయానాతో పాటు డోడీ ఫాయెద్ అనే నలభై రెండేళ్ళ వ్యక్తి మరణించాడు. మర్నాటి పత్రికలు అతని పుట్టుపూర్వోత్తరాలను వివరించాయి. తండ్రి లండన్‌లోని హారడ్స్ దుకాణానికి యజమాని. మేనమామ అద్నాన్ ఖషోగ్గీ ప్రపంచ ప్రసిద్ధుడైన ఆయుధ వ్యాపారి. తల్లి పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. 2017 జూన్‌లో అద్నాన్ మరణించినప్పుడు ఆ పేరు ఇంకోసారి కనిపించింది, ‘చెల్లెలు’ అన్న మాట పక్కన. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ దౌత్య కార్యాలయంలో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్యకు గురైనప్పుడు, అతని మేనత్తగా ఆమె మళ్ళీ ఒక వాక్యానికి నోచుకుంది.

ఒకరికి తల్లిగా, ఒకరికి చెల్లెలిగా, ఒకరికి మేనత్తగా వార్తల్లోకి వచ్చిన ఆ స్త్రీ పేరు సమీరా ఖషోగ్గీ. సౌదీ అరేబియా సాహిత్య చరిత్రలో మాత్రం ఆమె స్థానం వేరు. ఆ దేశంలో నవల రాసి అచ్చు వేయించిన మొట్టమొదటి స్త్రీ ఆమె. అయితే ఆ నవలల అట్టల మీద ‘ఖషోగ్గీ’ అన్న ఇంటిపేరు లేదు. ‘సమీరా బింత్ అల్ జజీరా’, అంటే ‘ద్వీపకల్పపు కూతురు సమీరా’ అన్న కలంపేరు ఉంది.

అదే కాలంలో, జెద్దా పాతపట్నంలోని మరొక సంపన్న కుటుంబానికి చెందిన యువతి తన కవితా సంపుటిని ఇంటిపేరుతో సహా అచ్చు వేయించింది. ఆమె పేరు సురయ్యా ఖాబిల్. ఈ ఇద్దరి కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ధనం ఒక రచయిత్రికి ఏమిస్తుంది, ఏమి తీసుకుంటుంది అన్న ప్రశ్నకు ఆలోచించదగిన సమాధానాలు దొరుకుతాయి.

నాయనమ్మ ఊరు

జెద్దా అన్న పేరుకు మూలం ‘జద్దా’, అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ, అని ఒక లోకవ్యుత్పత్తి ఉంది. మానవజాతికి ఆదిమాత అయిన హవ్వ సమాధి అక్కడే ఉన్నదని శతాబ్దాల పాటు యాత్రికులు నమ్మారు. ఆ సమాధి కట్టడాన్ని 1928లో కూల్చివేశారు. శ్మశానానికి మాత్రం ‘అమ్మ హవ్వ’ పేరు ఇప్పటికీ నిలిచి ఉంది.

పెట్రోలు దొరకక ముందు అరేబియా ద్వీపకల్పంలో ధనం అంటే హిజాజ్ ప్రాంతమే. మక్కాకు రేవు జెద్దా. ఎర్రసముద్రం మీదుగా ఓడల్లో వచ్చే యాత్రికుల రాకతో ఈ ఊరు బ్రతికింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి, ఈజిప్టు నుండి, బుఖారా నుండి, భారతదేశం నుండి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ వర్తకులయ్యాయి. హైదరాబాదు సంస్థానం నుండి వెళ్ళే హాజీల కోసం నిజాముల కాలంలో మక్కాలో ‘రుబాత్’ అనే వసతి గృహాలు ఏర్పడ్డాయి. కనుక మన ప్రాంతానికీ ఆ తీరానికీ ఉన్న రాకపోకలు గల్ఫ్ ఉద్యోగాల కాలం కన్నా చాలా పాతవి.

జెద్దా వర్తకులు సముద్రం నుండి తీసిన పగడపు రాతితో నాలుగైదు అంతస్తుల ఇళ్ళు కట్టుకున్నారు. వీటి ముఖభాగాన చెక్కతో చేసిన పెద్ద పెద్ద గవాక్షాలు ఉంటాయి. వీటిని ‘రోషన్’ అంటారు. సన్నని చెక్కపని గల ఆ జాలీల లోపలి నుండి స్త్రీలు వీధిని చూడగలరు. వీధిలోని వారికి వాళ్ళు కనిపించరు. సముద్రపు గాలి లోపలికి వస్తుంది, చూపు బయటికి పోతుంది, ముఖం మాత్రం లోపలే ఉంటుంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ పాతపట్నాన్ని ‘అల్ బలద్’ అంటారు. జెద్దాలో కొన్నాళ్ళున్న తెలుగువారికి అక్కడి ‘గాబిల్ స్ట్రీట్’ బజారు బాగా పరిచితం. అరబ్బీలో ‘ఖాఫ్’ అక్షరాన్ని హిజాజ్ వాడుకలో ‘గ’గా పలుకుతారు. ఆ గాబిల్, మన రెండవ కథానాయిక ఇంటిపేరయిన ఖాబిల్ ఒకటే.

ధనికురాలు కలం పట్టినప్పుడు

సంపన్న స్త్రీ రచయిత్రి కావడం అరబ్బు ప్రపంచంలో సమీరాతో మొదలు కాలేదు. కైరోలో తుర్కీ మూలాలున్న ప్రభు కుటుంబంలో 1840లో పుట్టిన ఆయిషా తైమూర్ అరబ్బీ, తుర్కీ, పారశీక భాషల్లో కవిత్వం చెప్పింది. కల్పనా గద్యం కూడా రాసింది. చిన్నతనంలో కూతురికి కుట్టుపని, అల్లికపని నేర్పాలని తల్లి పట్టుబడితే, కాగితం కలం ఆమె చేతికిచ్చి గురువులను ఇంటికి పిలిపించినవాడు తండ్రి. ఆయిషాకు చదువు దొరకడానికి కారణం ఆ ఇంటి ధనం. ఆ చదువు అంతఃపుర ద్వారం దగ్గర ఆగిపోవడానికి కారణం ఆ ఇంటి పరువు. పండితుల మధ్య కూర్చుని చర్చించే అవకాశం లేకపోయిందన్న బాధ ఆమె రచనల్లో వినిపిస్తుంది.

హైదరాబాదులో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉంది. ఆసఫ్‌జాహీ దర్బారులో గాయనిగా, నర్తకిగా, కవయిత్రిగా వెలుగొందిన మహలఖాబాయి చందా జాగీర్లు గల సంపన్నురాలు. ఆమె ఉర్దూ గజళ్ళ దీవాన్ 1798లో సంకలితమైంది. మౌలాలీ గుట్ట దిగువన ఆమె సమాధి ఇప్పటికీ ఉంది. కులస్త్రీ కాకపోవడం వల్ల ఆమెకు పేరు దాచుకోవలసిన అవసరం రాలేదు. కుటుంబ గౌరవం అనే భారం లేని చోట స్త్రీ పేరు స్వేచ్ఛగా ప్రకటితమైంది. ఆ భారం ఉన్న చోట పేరు తెర వెనకకు వెళ్ళింది.

ఆ తెర నుండే అరబ్బు స్త్రీల కలంపేర్ల సంప్రదాయం పుట్టింది. ఈజిప్టులో మలక్ హిఫ్నీ నాసిఫ్ ‘బాహిసత్ అల్ బాదియా’ (ఎడారిలో అన్వేషిణి) అన్న పేరుతో స్త్రీల హక్కుల గురించి రాసింది. ఆయిషా అబ్దుల్ రహ్మాన్ సంప్రదాయవాది అయిన తండ్రి కోపానికి జంకి ‘బింత్ అల్ షాతీ’ (తీరపు కూతురు) అయింది. తాను పుట్టి పెరిగిన నైలు నదీ తీరమే ఆమెకు ఇంటిపేరయింది. సమీరా ఎంచుకున్న ‘ద్వీపకల్పపు కూతురు’ ఈ వరుసలోనిదే. ఇంటిపేరును పక్కన పెట్టి భూమిని ఇంటిపేరుగా చేసుకోవడంలో వినయంతో పాటు ఒక చమత్కారం ఉంది. తండ్రి పేరు చెప్పకూడదంటే, దేశమే తండ్రి అని ప్రకటించడం అది.

రాజవైద్యుని కూతురు

ఖషోగ్గీల పూర్వీకులు అనటోలియా నుండి వచ్చి మదీనాలో స్థిరపడినవారు. ఆ ఇంటిపేరు తుర్కీ భాషలో ‘గరిటెలు చేసేవాడు’ అన్న అర్థమిచ్చే మాట నుండి వచ్చింది. సమీరా తండ్రి ముహమ్మద్ ఖషోగ్గీ వైద్యుడు. ఆధునిక సౌదీ రాజ్యాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్ రాజుకు ఆయన ఆంతరంగిక వైద్యునిగా పనిచేశాడు. 1930లలో అరేబియాలో ఆధునిక వైద్యం నేర్చిన స్థానికులు అరుదు. రాజు నాడి పట్టుకునే మనిషికి రాజదర్బారులో ఎవరికీ లేని చనువు ఉంటుంది. అంతఃపురం, యువరాజుల పిల్లలు, మంత్రుల రోగాలు, అన్నీ ఆయనకు తెలుస్తాయి. ఆ చనువే తరువాతి తరంలో వ్యాపారానికి పెట్టుబడిగా మారింది. అద్నాన్ మొదటి పెట్టుబడి ఆ పరిచయాలే.

సమీరా 1935లో మక్కాలో జన్మించింది. అప్పటికి ఆ దేశంలో ఆడపిల్లలకు ప్రభుత్వ పాఠశాల ఒక్కటీ లేదు. ఆడపిల్లల విద్యను ప్రభుత్వం అధికారికంగా చేపట్టింది 1960లో మాత్రమే. అంతకు ముందు ఉన్నవి ఖురాన్ నేర్పే వీధిబడులు, కొన్ని ప్రైవేటు పాఠశాలలు. జెద్దాలో ఇఫ్ఫత్ రాణి ప్రోత్సాహంతో ‘దార్ అల్ హనాన్’ అనే బాలికల పాఠశాల 1950ల మధ్యలో మొదలయింది. ‘వాత్సల్య గృహం’ అని దాని అర్థం. బడి అన్న మాటను పేరులో పెడితే వ్యతిరేకత వస్తుందన్న జాగ్రత్త ఆ పేరులో కనిపిస్తుంది. 1963లో బురైదా పట్టణంలో ఆడపిల్లల బడి తెరవడానికి వ్యతిరేకంగా పెద్ద ఆందోళన జరిగింది. ఫైసల్ ప్రభుత్వం బలగాలను పంపవలసి వచ్చింది.

ఇటువంటి కాలంలో కూతురిని చదివించాలంటే పరదేశం పంపగల స్తోమత ఉండాలి. డాక్టర్ ఖషోగ్గీకి ఆ స్తోమత ఉంది. పిల్లలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో చదువుకున్నారు. అద్నాన్ అక్కడి ప్రసిద్ధ విక్టోరియా కాలేజీలో చేరాడు. సమీరా చదువూ ఆ నగరంలోనే సాగింది. అప్పటి అలెగ్జాండ్రియా గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు, అర్మేనియన్లు, అరబ్బులు కలిసి బ్రతికిన నగరం. సినిమాలు, వారపత్రికలు, సీరియల్ నవలలు, ఉమ్ కుల్సుమ్ పాటలు మధ్యతరగతి జీవితంలో భాగమైన రోజులు. స్త్రీ తన మనసును గురించి అచ్చులో మాట్లాడవచ్చునని సమీరా తెలుసుకున్నది ఈ వాతావరణంలోనే కావాలి.

1954లో ఆమెకు ముహమ్మద్ అల్ ఫాయెద్‌తో వివాహమయింది. అతను అలెగ్జాండ్రియాకు చెందిన సామాన్య కుటుంబీకుడు. అద్నాన్ వ్యాపారంలో పనిచేస్తుండేవాడు. 1955 ఏప్రిల్‌లో కొడుకు పుట్టాడు. 1956లో విడాకులయ్యాయి. పిల్లవాడు తండ్రి దగ్గర పెరిగాడు. అప్పటికి ఆమె వయసు ఇరవై ఒకటి. తరువాత ఆమె ఒక సౌదీ దౌత్యవేత్తను పెళ్ళి చేసుకుంది.

విడాకులయిన రెండేళ్ళకు, 1958లో, ఆమె మొదటి నవల వెలువడింది. దాని పేరు ‘వద్దఅతు ఆమాలీ’, అంటే ‘నా ఆశలకు వీడ్కోలు చెప్పాను’. ఇరవై మూడేళ్ళ యువతి తొలి పుస్తకానికి పెట్టుకున్న పేరు అది. నవలను రచయిత్రి జీవితంతో ముడిపెట్టి చదవడం సాహిత్య విమర్శలో తేలికపాటి పని. అయినా ఆ శీర్షికను, ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టకుండా ఉండటం కష్టం.

కన్నీటి నవలలు

సౌదీ అరేబియాలో నవలా ప్రక్రియ అప్పటికి బాల్యదశలో ఉంది. తొలి నవలగా లెక్కించే అబ్దుల్ ఖుద్దూస్ అల్ అన్సారీ ‘అల్ తవ్అమాన్’ (కవలలు) 1930లో వచ్చింది. అది విదేశీ విద్య వల్ల కలిగే చెడును బోధించే నీతికథ. కళాత్మకంగా పరిణతి చెందిన తొలి సౌదీ నవల అని విమర్శకులు పేర్కొనే హామిద్ దమన్హూరీ ‘సమన్ అల్ తద్హియా’ (త్యాగానికి మూల్యం) 1959 నాటిది. అంటే సమీరా మొదటి నవల దాదాపు ఆ కాలానిదే. ఆడపిల్లల ప్రభుత్వ విద్యకు ముందే ఆ దేశంలో స్త్రీ రాసిన నవల పుట్టింది. వాళ్ళ బడుల కంటే వాళ్ళ నవల పాతది.

దాని తరువాత ‘కన్నీటి జ్ఞాపకాలు’, ‘నీ కన్నుల మెరుపు’, ‘పొగమంచు వెనుక’, ‘గులాబీల సంతాపం’ వంటి పేర్లతో 1970ల దాకా ఆమె నవలలు వెలువడ్డాయి. కథానికలు కూడా రాసింది. ఆ పేర్లలోనే వాటి స్వభావం తెలుస్తుంది. ప్రేమ, విరహం, అపార్థం, త్యాగం, పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో నలిగిపోయే మనసు, ఇవి ఆమె ఇతివృత్తాలు. ఆమె నాయికలు తరచుగా సౌదీ అరేబియా వెలుపలి నగరాల్లో ఉంటారు. సౌదీ విమర్శకులు ఈ విషయాన్ని పెద్ద లోపంగా ఎత్తిచూపారు. సొంత నేల వాసన లేదని, ఈజిప్టు సినిమాల ఛాయ ఉందని, భావోద్వేగం అతిగా ఉందని అన్నారు.

ఈ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. 1960ల రియాద్‌లోనో జెద్దాలోనో ఒక యువతి, యువకుడు కలుసుకుని మాట్లాడుకునే దృశ్యాన్ని వాస్తవికంగా ఎక్కడ పెట్టాలి? కాలేజీ లేదు, కార్యాలయం లేదు, సినిమాహాలు లేదు, ఉద్యానం లేదు. ప్రేమకథకు అవసరమైన స్థలమే ఆ సమాజంలో లేదు. కథను కైరోకో యూరపుకో తరలించడం రచయిత్రి చేతకానితనమని మాత్రమే అనలేము. ఒక విధంగా అది ఆ సమాజ వాస్తవికతకు అద్దం. కథ జరగడానికి చోటు లేదన్న సంగతి ఆ కథ జరిగిన చోటును బట్టి తెలుస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ పరిస్థితి కొంత తెలిసినదే. సరిగ్గా అదే దశాబ్దంలో తెలుగు వారపత్రికల నిండా స్త్రీల నవలలు వచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి నవలల్లోని కార్లు, మేడలు, ఆత్మాభిమానం గల నాయికలు లక్షలాది ఆడవాళ్ళను చదువరులుగా మార్చాయి. విమర్శకులు వాటిని కలల బేహారమని, వంటింటి సాహిత్యమని తేలిక చేశారు. అయినా పాఠకులుగా, కొనుగోలుదారులుగా, రచయిత్రులుగా స్త్రీలు తెలుగు అచ్చు ప్రపంచంలో బలమైన శక్తి అయింది ఆ నవలల వల్లనే. ఒక దశలో పురుష రచయితలే స్త్రీల పేర్లతో రాయడం మొదలుపెట్టారు. జెద్దాలో స్త్రీ తన ఇంటిపేరు దాచుకుని రాస్తున్న రోజుల్లో విజయవాడలో మగవాడు ఆడపేరు అరువు తెచ్చుకుని రాశాడు. రెండు చోట్లా పేరు ఒక వ్యూహమే. ఒక చోట భద్రత కోసం, ఇంకో చోట అమ్మకం కోసం.

ఇద్దరి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. తెలుగు రచయిత్రికి పత్రిక ఉంది, సంపాదకుడు ఉన్నాడు, పారితోషికం ఉంది, వారంవారం ఉత్తరాలు రాసే పాఠకురాలు ఉంది. సమీరాకు స్వదేశంలో ఆ వ్యవస్థ ఏదీ లేదు. ఉన్నది కుటుంబ ధనం, బేరూత్ ముద్రణాలయాలకు అందుబాటు. ఆమె ధనంతో కొనుక్కోగలిగింది అచ్చును. పాఠకలోకాన్ని ఆమె తానే నిర్మించవలసి వచ్చింది.

ఆమె ఆ పనికీ పూనుకుంది. 1962లో రియాద్‌లో స్త్రీల కోసం ఒక సంఘాన్ని స్థాపించడంలో ప్రధాన పాత్ర వహించింది. నిరక్షరాస్యులైన స్త్రీలకు చదువు నేర్పడం, పేద కుటుంబాలకు సాయపడటం ఆ కృషిలో భాగాలు. ‘అల్ నహ్దా’ (మేలుకొలుపు) పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తున్నది. 1970ల తొలి సంవత్సరాల్లో ‘అల్ షర్ఖియా’ (తూర్పు స్త్రీ) అనే స్త్రీల మాసపత్రికను దేశం వెలుపల నుండి ప్రారంభించి, సంపాదకత్వం వహించింది. కలంపేరు చాటున మొదలయిన మనిషి సొంత పేరుతో పత్రికాధిపతి కావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

1986 మార్చిలో గుండెపోటుతో ఆమె మరణించింది. యాభై ఏళ్ళు దాటీ దాటని వయసు. కొడుకు మరణం, ఆ మరణంతో తన పేరుకు వచ్చిన ప్రచారం చూడలేదు.

అన్న ధనం, చెల్లెలి పేరు

‘ఖషోగ్గీ’ అన్న మాటకు ప్రపంచంలో ఇప్పుడున్న అర్థాన్ని ఇచ్చింది అద్నాన్. అమెరికా విమాన సంస్థ లాక్‌హీడ్ 1970 నుండి 1975 వరకు అతనికి చెల్లించిన దళారీ రుసుము పది కోట్ల అరవై లక్షల డాలర్లు. కూతురు నబీలా పేరు పెట్టిన అతని విలాసనౌక ఆ కాలంలో ప్రపంచంలోని అతి పెద్ద సొంత నౌకలలో ఒకటి. ఇరాన్‌కు అమెరికా రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారంలో అతని పేరు మారుమోగింది కూడా సమీరా మరణించిన సంవత్సరంలోనే.

ఈ కాలక్రమాన్ని గమనించడం అవసరం. సమీరా తొలి నవలలు రాసేనాటికి ఆమె ఒక సంపన్న వైద్యుని కూతురు మాత్రమే. శతకోటీశ్వరుని చెల్లెలు కాలేదు. ఆమె రచనా జీవితం అద్నాన్ కీర్తికి నీడ కాదు, దానికి ముందటిది. కాని చరిత్ర వెనక నుండి ముందుకు చదువుతారు కాబట్టి, తరువాత వచ్చిన పెద్ద పేరు ముందు వచ్చిన చిన్న పేరును మింగేసింది. అరబ్బు స్త్రీ పెళ్ళయినా తన ఇంటిపేరు మార్చుకోదు. సమీరా జీవితాంతం ఖషోగ్గీగానే ఉంది. ఆ పేరును ఆమె పుస్తకం మీద వేసుకోలేదు. ఇప్పుడు ఆమెను గురించి వెతికేవారికి దొరికేది మాత్రం ఆ పేరే. చెల్లెలు సుహైర్ ఖషోగ్గీ 1990ల నుండి ఆంగ్లంలో నవలలు రాసి, ఇంటిపేరుతోనే అంతర్జాతీయ విపణిలో అమ్మింది. అక్క దాచినదే చెల్లెలికి ఆకర్షణ అయింది. మధ్యలో గడిచినవి ముప్ఫై ఏళ్ళకు పైనే.

ఖాబిల్ వారి అమ్మాయి

సురయ్యా ఖాబిల్ 1940లో జెద్దా పాతపట్నంలో, ‘మజ్లూమ్’ అనే పేటలో పుట్టింది. ఖాబిల్ కుటుంబం ఆ ఊరి ప్రముఖ వర్తక కుటుంబాల్లో ఒకటి. ఊరి నడిబొడ్డున బజారు వారి పేరు మీద ఉందంటే పరపతి ఊహించుకోవచ్చు. ఆమె బేరూత్‌లో చదువుకుంది. 1963లో అక్కడే ఆమె తొలి కవితా సంపుటి ‘అల్ అవ్జాన్ అల్ బాకియా’ (విలపించే ఛందస్సులు) అచ్చయింది. ప్రామాణిక అరబ్బీలో, సొంత పేరుతో కవితా సంపుటి వెలువరించిన తొలి సౌదీ స్త్రీగా ఆమెను సాహిత్య చరిత్రలు పేర్కొంటాయి.

‘సొంత పేరుతో’ అన్న రెండు మాటల బరువు బయటివారికి సులభంగా అందదు. ఆ సమాజంలో పరపురుషుల ముందు తల్లి పేరు, అక్కచెల్లెళ్ళ పేర్లు పలకడం మర్యాద కాదు. పెళ్ళి శుభలేఖ మీద పెళ్ళికూతురి పేరు బదులు ‘ఫలానావారి కుమార్తె’ అని వేసే ఆచారం ఉంది. మన ఇళ్ళలో భర్త పేరు నోటితో చెప్పని భార్యలు ఒక తరం కిందటి దాకా ఉన్నారు. అక్కడ స్త్రీ పేరే ఆ నిషేధానికి లోబడింది. అటువంటి చోట బజారు వీధికి ఉన్న ఇంటిపేరు ప్రేమ కవితల పుస్తకం మీద కనిపించడం చిన్న సంగతి కాదు. విమర్శలు వచ్చాయి. సమర్థకులూ దొరికారు. వారిలో ముఖ్యుడు జెద్దాకు చెందిన ఆధునికవాద కవి ముహమ్మద్ హసన్ అవ్వాద్. పాత పద్ధతుల మీద తిరుగుబాటుగా 1926లోనే వ్యాస సంపుటి వెలువరించినవాడు. అతను సురయ్యాను ‘ఇరవయ్యవ శతాబ్దపు ఖన్సా’ అన్నాడు.

ఖన్సా ఏడవ శతాబ్దపు అరబ్బు కవయిత్రి. యుద్ధాల్లో చనిపోయిన సోదరుల మీద చెప్పిన విలాప గీతాలు ఆమెను అజరామరం చేశాయి. అరబ్బీలో కవయిత్రి అనగానే ఆమె పేరే స్ఫురిస్తుంది, తెలుగులో మొల్ల పేరు స్ఫురించినట్లు. ఆ పోలిక గొప్ప గౌరవమే. అందులో ఒక ఇరుకు కూడా ఉంది. సంప్రదాయం స్త్రీకి అనుమతించిన కవిత్వం శోకం. అన్నదమ్ముల కోసం ఏడవవచ్చు. తన కోసం, తన కోరిక కోసం మాట్లాడితే నింద వస్తుంది. పదమూడు వందల ఏళ్ళ తరువాత వచ్చిన కవయిత్రి తన తొలి పుస్తకం పేరులో కూడా విలాపాన్నే పెట్టుకుంది. కన్నీరు ఒక అనుమతి పత్రంలా పనిచేసింది. సమీరా నవలల పేర్లలోని కన్నీళ్ళను కూడా ఈ దృష్టితో చూడవచ్చు.

సురయ్యా తరువాత హిజాజ్ మాండలికంలో పాటలు రాసింది. ఫౌజీ మహ్సూన్ స్వరపరచగా ఇతాబ్ అనే గాయని పాడిన ‘జానీ అల్ అస్మర్’ అరబ్బు దేశాలంతటా ప్రజాదరణ పొందింది. తలాల్ మద్దాహ్ వంటి ప్రముఖ గాయకులూ ఆమె పాటలు పాడారు. పత్రికల్లో వ్యాసాలు రాసింది. 1980లలో ‘జీనా’ అనే స్త్రీల పత్రికకు సంపాదకురాలయింది. పుస్తకం చదివినవారు వందల్లో ఉంటే పాట విన్నవారు లక్షల్లో ఉన్నారు. పాటకు ఉన్న ధర్మం ఏమిటంటే, అది గాయకుడి పేరుతో తిరుగుతుంది. సినిమా పాట పాడుకునే మనలో ఎందరికి రచయిత పేరు గుర్తుంటుంది? పేరు కోసం పట్టుబట్టిన కవయిత్రి మాటలు పేరు లేకుండానే ఇంటింటికీ చేరాయి.

ధనం చేసిన పని

ఈ ఇద్దరి జీవితాల్లోనూ ధనం చేసిన పని స్పష్టం. అది పరదేశంలో చదువు కొనిపెట్టింది. ముద్రణ ఖర్చు భరించింది. ఇంటి పనికి మనుషులను పెట్టి రాసుకునే తీరిక ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, శిక్ష నుండి కొంత రక్షణ ఇచ్చింది. సామాన్య కుటుంబపు స్త్రీ అదే పని చేస్తే ఎదురయ్యే పరిణామాలు వేరు. ఆ దేశపు స్త్రీల తొలి సాహిత్యం ధనవంతుల ఇళ్ళ నుండి వచ్చిందంటే ప్రతిభ అక్కడే ఉందని కాదు, తలుపు అక్కడ మాత్రమే కాస్త తెరిచి ఉందని. ఆ తలుపు బయట నిలిచిపోయినవారి నవలలు ఏ జాబితాలోనూ లేవు.

ధనం తీసుకున్నదీ ఉంది. ధనిక స్త్రీ రాస్తే దాన్ని తీరుబాటు వ్యాపకంగా చూస్తారు. ‘ఏమీ తోచక రాసింది’ అన్న మాట సులభంగా పుడుతుంది. బండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’ తెలుగులో తొలి కథానికగా గుర్తింపు పొందడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం ధనం కాదు, కాని చిన్నచూపు మాత్రం ఒకటే. తొలి అడుగు వేసిన స్త్రీని చరిత్ర ముందు మరచి, తరువాత వెతికి, చివరికి కొలతలు తీసి తప్పులెన్నుతుంది. తొలి పురుషునికి ఉన్న ‘ఆద్యుడు’ అన్న మినహాయింపు ఆమెకు ఆలస్యంగా దక్కుతుంది. అన్సారీ నీతికథలోని లోపాలను ‘తొలి ప్రయత్నం కదా’ అని క్షమించిన విమర్శ, సమీరా కన్నీళ్ళను అంత త్వరగా క్షమించలేదు.

తరువాత తలుపు మెల్లగా ఇంకాస్త తెరుచుకుంది. 1976లో హుదా అల్ రషీద్ నవల వచ్చింది. 1980లో వైద్యురాలు అమల్ షతా ‘గదన్ అన్సా’ (రేపు మరచిపోతాను) వెలువడింది. 1998లో లైలా అల్ జుహనీ తన నవలను జెద్దా నగరంలోనే నడిపించింది. నలభై ఏళ్ళ కిందట కథకు చోటు ఇవ్వలేని ఊరు చివరికి కథాస్థలం అయింది. 2005లో దంత వైద్యురాలు రజా అల్ సానిఅ రాసిన ‘బనాత్ అల్ రియాద్’ (రియాద్ అమ్మాయిలు) అనేక భాషల్లోకి వెళ్ళింది. మక్కాలో పుట్టి జెద్దాలో చదువుకున్న రజా ఆలిం 2011లో అరబ్బీ నవలకు ఇచ్చే అంతర్జాతీయ బహుమతిని మరొక రచయితతో కలిసి అందుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమె. ఇద్దరూ ఇంటిపేర్లతోనే రాశారు.

అల్ బలద్‌లో పగడపు ఇళ్ళను ఇప్పుడు పునరుద్ధరిస్తున్నారు. రోషన్‌ల చెక్కపనిని వడ్రంగులు మళ్ళీ అతుకుతున్నారు. సాయంత్రాలు గాబిల్ బజారులో జనం రద్దీ. మలయాళం, ఉర్దూ, తెలుగు, బంగ్లా మాటలు వినిపిస్తాయి. ఇంటికి పంపే బంగారం, అత్తరు, దుస్తులు బేరమాడే ఆ జనంలో చాలామందికి గాబిల్ ఒక వీధి పేరు మాత్రమే. దాన్ని ఇంటిపేరుగా గల ఒక అమ్మాయి, అరవై ఏళ్ళ కిందట, ఆ పేరును ఒక పుస్తకం అట్ట మీద వేయించింది. ఆమె కన్నా ఐదేళ్ళు ముందు, ఇంకొక అమ్మాయి తన పేరును దాచి తన దేశం పేరును వేయించింది. ద్వీపకల్పపు కూతురు రాసిన నవల అట్ట మీద ఆమె అన్న లేడు, భర్త లేడు, కొడుకు లేడు. ఆమెను ఆమెగా చూడాలంటే వెళ్ళవలసింది ఆ అట్ట దగ్గరికే.